బల్ల దగ్గర పదో మనిషి

జౌట్‌హూక్,
1904 అక్టోబరు 25, మంగళవారం.

దూరదేశపు నీళ్ళ మీద ఉన్న నా భర్త క్రైన్ గారికి, మీ యకోమినా నమస్కరించి రాసుకుంటున్న సంగతులు.

ముందుగా నా అక్షరాలు చూసి కోప్పడకండి. నాలుగు శీతాకాలాలే బడికి వెళ్ళానని, అందులో రెండు తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని వెనక వరసలో కూర్చున్నవేనని మీకు తెలుసు. తప్పులున్నచోట పైకి చదివితే అర్థమవుతుంది. కానీ ఈ ఉత్తరం పైకి చదవకండి. ఇంతవరకు నా ఉత్తరాలన్నీ లీండర్ట్ భార్య కాట్యె రాసిపెట్టేది. నేను చెప్పినదానికి తనవి రెండు మాటలు కలిపి, గుండ్రంగా, అందంగా రాసేది. ఇది ఆమె చేత రాయించేది కాదు. అత్తయ్య ఒలిచిన రొయ్యలు ఇచ్చిరావడానికి వెళ్ళినప్పుడల్లా కొంచెం కొంచెంగా నేనే రాస్తున్నాను. ఇది నాలుగో రోజు.

ఇక్కడ అత్తయ్యా నేనూ దేవుని దయవల్ల క్షేమం. అందరం క్షేమమని రాయడం అలవాటు గానీ, రాయబోతే చెయ్యి ఆగిపోయింది. ఇంట్లో ఉన్నది ఇద్దరమే కదా. అక్కడ మీరూ, పడవ మీద మనవాళ్ళూ బాగున్నారని తలుస్తాను. డెన్మార్క్‌లో అప్పుడే చలి మొదలైందని రాశారు. ఊలు మేజోళ్ళు రెండు జతలు అల్లి, అక్కడికి వస్తున్న లీండర్ట్ తమ్ముడికి ఇచ్చాను. బూడిదరంగువి మీవి. నల్లవి కూడా మీవే, ఎవరికీ ఇవ్వకండి.

మీరు పోయిన ఉత్తరంలో అయిదు సంగతులు అడిగారు. వరసగా చెబుతాను.

పంది బాగా బలిసింది. నవంబరులో చలి గట్టిపడగానే కోయిస్తాం. కోసేవాడు వచ్చి చూసి, "ఇది పంది కాదు, పెద్దమనిషి" అన్నాడు. మంచం పక్క గోడలోంచి వాన కారడం ఆగింది. మీ దింగేమన్ బాబాయి వచ్చి మూడు పెంకులు మార్చి, రెండు గిన్నెల కాఫీ తాగి వెళ్ళాడు. అత్తయ్య కాలు అలాగే ఉంది. బాతుకొవ్వు రాసి గుడ్డ చుడుతున్నాను. మీరు అడిగారని చెబితే, "నా కాలి సంగతి వాడికెందుకు, పడవ మీద రోజంతా రేవు బురద ఎత్తే వాడి నడుము సంగతి చూసుకోమను" అంది. కానీ ఆ సాయంత్రం రెండుసార్లు మీ ఉత్తరం చేతిలోకి తీసుకుంది. నా కడుపులో బిడ్డ గట్టిగానే కదులుతోంది. డిసెంబరు మొదటి వారమని మంత్రసాని అంటోంది.

ఇక అయిదోది. మీ మాటలే మళ్ళీ రాస్తాను, ఎందుకంటే అవి నాకు నోటికి వచ్చేశాయి. "నువ్వు ప్రభువు బల్ల దగ్గర కూర్చున్నావని కాట్యె రాసిందట. లీండర్ట్ ఆ ఉత్తరాన్ని పడవ మీద అందరికీ చదివి వినిపించాడు. ఇప్పుడు వంటవాడు కూడా నన్ను పరిశుద్ధురాలి మొగుడా అని పిలుస్తున్నాడు. ఇది నిజమేనా మినా? దేవుడు నిన్ను ఎప్పుడు ముట్టాడు? నాకెందుకు చెప్పలేదు?"

కూర్చున్నది నిజమే. ఈ నెల తొమ్మిదో తేదీ ఆదివారం కూర్చున్నాను. ఎప్పుడు ముట్టాడన్నదానికి మాత్రం ఒక్క మాటలో జవాబు లేదు. కాస్త ఓపిక పట్టండి.

మార్చిలో మన వౌటర్‌ను పూడ్చిన రోజు మీరూ అక్కడే ఉన్నారు కాబట్టి రాయనక్కర్లేదు. కానీ నా మనసు అక్కడి నుంచే నడిచింది కనుక రాస్తున్నాను. పెట్టె ఎంత చిన్నదంటే బాబాయి ఒక్కడే చంకలో పెట్టుకుని నడిచాడు. మట్టి వేశాక సంఘపెద్ద బౌవెన్ గారు టోపీ తీసి, "భక్తిగల తల్లిదండ్రులు తమ పసిపిల్లలు పోయినప్పుడు, వాళ్ళు పరలోకానికి దేవుడు ఏర్పరచుకున్నవాళ్ళా కాదా అని అనుమానపడనక్కర్లేదు. మన పూర్వీకులు రాసిపెట్టిన మాట ఇది" అన్నారు.

అప్పుడు మీరు అడిగారు. "మరి మా సంగతేంటి బౌవెన్ గారూ?"

"నన్నడుగుతావేంటి క్రైన్? చెప్పాల్సింది నువ్వు. మీరు భక్తిగలవాళ్ళేనా?"

"తాగను. తిట్టను. ఆదివారం పని ముట్టను."

"మా గుర్రం కూడా తాగదు, తిట్టదు, ఆదివారం పని చెయ్యదు" అన్నారు ఆయన. వెటకారంగా కాదు, మెల్లగా, మీ భుజం మీద చెయ్యి వేసే అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. మీరు టోపీ అంచు తిప్పుతూ నిలబడ్డారు. అయిదు రోజులకు పడవ ఎక్కేశారు.

మీరు వెళ్ళాక ఆ మాట ఇంట్లోనే ఉండిపోయింది. ఒకరోజు రొయ్యలు ఒలుస్తూ అత్తయ్యను అడిగాను.

"వాడికి బాప్తిస్మం ఇప్పించాం కదా అత్తయ్యా?"

"ఇప్పించాం. ముద్ర కొట్టిన ఉత్తరాలన్నీ చేరతాయా ఏం?"

"రెండున్నరేళ్ళవాడు. వాడు చేసిన పాపమేంటి?"

"పోయిన ఆదివారం బౌవెన్ ప్రసంగం చదువుతుంటే నిద్రపోయావా? తోడేలు పిల్ల కరవకముందూ తోడేలే." అంతలోనే ఆమె చేతిలోని రొయ్య నలిగిపోయింది. దాన్ని పిల్లికి విసిరి, "నన్నడక్కే పిల్లా. మీ మామ సముద్రంలో పోయి పద్దెనిమిదేళ్ళయింది. ఆయన ఎక్కడున్నాడో నాకు తెలీదు. నేను ఎక్కడికి పోతానో కూడా తెలీదు. లోకం పుట్టకముందే రాసేసిన పేర్లవి. తొంగిచూడాలనుకోవడం కూడా పొగరే" అంది.

నేను తొంగిచూడాలనుకోలేదండీ. కానీ మీకు తెలుసు, వౌటర్ కొత్తవాళ్ళ దగ్గరికి వెళ్ళేవాడు కాదు. రొట్టెలమ్మే ఆవిడ ఎన్నాళ్ళుగానో తెలిసిన మనిషి, ఆవిడ పిలిచినా నా గౌను వెనక దూరేవాడు. ఆ చివరి రెండు రోజులూ గొంతు మూసుకుపోయి మాట రాలేదు. ఊపిరి మాత్రం ఈల వేసినట్టు వచ్చేది. అలాంటివాణ్ణి ఒంటరిగా ఎక్కడికి పంపామో తెలియకుండా నేను బంగాళాదుంపలు చెక్కు తీయాలి, నేల కడగాలి. చేస్తూనే ఉన్నాను. చేసినకొద్దీ ఆ ప్రశ్న పెద్దదైంది.

జూన్‌లో ఒకరోజు అనిపించింది. తల్లిదండ్రులు భక్తిగలవాళ్ళైతే చాలన్నారు. ఇద్దరూ కావాలా? బౌవెన్ గారు బండిచక్రాలు చేసే కొట్టుకు వెళ్ళి ఆయన్ని అడిగాను. గుమ్మంలోనే నిలబడి, ఆయన ముఖం చూడకుండా అడిగాను.

"ఇద్దరిలో ఒక్కరైనా చాలునా అండీ?"

"ఒక్కరున్నా పిల్లలు పరిశుద్ధులేనని వాక్యం ఉంది. ఎందుకమ్మా?"

"ఊరికే అడిగాను."

ఇంతవరకు రాసినదాంట్లో మీరు కోప్పడాల్సింది ఏమీ లేదు. ఇకముందు ఉంది.

మన సంఘంలో మూడు వందల మందిమి. బల్ల దగ్గర కూర్చుని ప్రభువు రొట్టె, ద్రాక్షరసం తీసుకునేది తొమ్మిది మంది. మా నాన్న ఎనభై ఏళ్ళు బతికి ఒక్కసారి కూడా కూర్చోలేదు. దేవుడు పిలవకుండా కూర్చున్నవాడు తన శిక్షనే తిని తాగుతాడని భయపడి, మిగిలిన మనమంతా తలలు దించుకుని వరసల్లోనే ఉండిపోతాం. అది మీకు చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఏమిటంటే, ఆ భయం నాకూ ఉంది. ఉండే వెళ్ళాను.

మనకు సొంత బోధకుడు లేక పదకొండేళ్ళాయె. బల్ల ఆచరించడానికి పొరుగూరి బోధకుడు వస్తే, బల్ల దగ్గరికి కొత్తగా రాదలచినవాళ్ళు ముందురోజు పెద్దల ముందు నిలబడి తమ ఆత్మకు జరిగినది చెప్పుకోవాలి. శనివారం మధ్యాహ్నం వెళ్ళాను. గుడి వెనక గదిలో ముగ్గురున్నారు. బౌవెన్ గారు, రెండో పెద్ద ఆడ్రియాన్ గారు, ఆ బోధకుడు. గది నిండా పొగాకు పొగ. రొట్టెల కొట్లో నలుగురుంటే వాళ్ళు వెళ్ళేదాకా బయటే నిలబడే మనిషిని నేను.

"భయపడకు తల్లీ" అన్నారు బోధకుడు. "ప్రభువు నీకు ఏం చేశాడో చెప్పు. పెద్ద మాటలు అక్కర్లేదు."

చెప్పాను. చిన్నప్పటి నుంచి మన ఇళ్ళలో కాఫీ తాగుతూ పెద్దవాళ్ళు చెప్పుకునే సాక్ష్యాలు ఎన్ని వినలేదు! మొదట పాపభారం, తర్వాత ధర్మశాస్త్రపు ఉరుము, తర్వాత దారి లేని చీకటి, చివరికి ఒక వాక్యం వచ్చి గుండెలో దిగడం. పులుసు కాచే వరస తెలిసినట్టే నాకు ఆ వరస తెలుసు. పాపభారం మా పిన్ని సాక్ష్యంలోంచి తీసుకున్నాను. చీకటి, చనిపోయిన కుమ్మరి యోబ్ గారిది. వాక్యం ఎవరిదో రాయను, వాళ్ళింకా బతికే ఉన్నారు. జూన్ పద్నాలుగున పంది కొట్టంలో మోకాళ్ళ మీద పడి నా పాపాల కోసం ఏడ్చానన్నాను. ఆ రోజు కొట్టంలో నిజంగానే ఏడ్చాను. తొట్టి వెనక వౌటర్ చెక్కబూటు ఒకటి దొరికింది. నా ఏడుపు నిజమే. దేనికోసం ఏడ్చానన్నదే అబద్ధం.

ఆడ్రియాన్ గారు పొగాకు గొట్టం నోట్లోంచి తీసి, "పిల్ల పాఠం అప్పజెప్పినట్టు చెబుతోందే" అన్నారు.

నా చెవులు కాలిపోయాయి. ఇక వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. అప్పుడు బోధకుడు అడిగారు. "ఒక్క మాట చెప్పు తల్లీ. దేవుడు ఈ క్షణమే నిన్ను నరకంలో పడేస్తే, ఆయన చేసింది న్యాయమేనంటావా?"

"న్యాయమే" అన్నాను.

"పెదవులతో అనడం కాదు. మనసు ఒప్పుకుంటుందా?"

"ఒప్పుకుంటుంది. పడేయమనండి."

ఆ గదిలో నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అది. నేను చేస్తున్న పనికి దక్కేది ఆ చోటేనని నాకు తెలుసు. తెలిసే ఒప్పుకున్నాను. వాడు అక్కడ లేకపోతే చాలనుకున్నాను. వాళ్ళు దాన్ని మరోలా విన్నారు. బౌవెన్ గారు రుమాలుతో కళ్ళు ఒత్తుకున్నారు. "ఈ మాట మనుషులు నేర్పితే వచ్చేది కాదు" అన్నారు బోధకుడు. ఆడ్రియాన్ గారు లేచి నాకు కుర్చీ వేశారు.

మర్నాడు గుడిలో, పిలుపు వినిపించగానే లేచాను. అత్తయ్య నా గౌను పట్టుకుంది.

"ఎక్కడికే?"

"బల్ల దగ్గరికి."

"నీకు పిచ్చిగానీ పట్టిందా? కూర్చో. కడుపుతో ఉన్నావు, కూర్చోవే!"

ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకుని వెళ్ళాల్సి వచ్చింది. మూడు వందల మంది తలలు దించుకుని ఉండాల్సిన సమయంలో మూడు వందల మందీ తలలెత్తారు. కాట్యె నోరు తెరుచుకుని ఉండడం చూశాను. తొమ్మిది మంది పక్కన, తెల్లగుడ్డ పరిచిన బల్లకు ఈ చివర, వాళ్ళలో ముసలిదైన తన్నవ్వ పక్కన కూర్చున్నాను.

రొట్టె రొట్టెలాగే ఉంది. నాలుక మీద నిప్పులా ఉంటుందనుకున్నాను. ఏమీ కాలేదు. కాకపోయేసరికే ఎక్కువ భయం వేసింది. మింగుతుండగా లోపల బిడ్డ కదిలింది. నా శిక్షలో దానికి కూడా, అడగకుండానే, ఒక ముక్క పెట్టానని అప్పుడు తట్టింది. అంతకుముందు తట్టలేదు. ఇది మీరు నమ్మాలి.

గుడి అయ్యాక అత్తయ్య నాతో మాట్లాడకుండా ముందు నడిచిపోయింది. తన్నవ్వ వెనక నుంచి పిలిచింది. ఊళ్ళో ఎవరు దేవుని మనిషో ఎవరు కాదో ముఖం చూసి చెబుతుందని పేరున్న మనిషి. నన్ను పట్టేసిందనే అనుకున్నాను.

"ఇంటిదాకా చెయ్యి పట్టుకో అమ్మాయీ, కట్ట మీద గాలి ఎక్కువ" అంది. కొంతదూరం నడిచాం. తర్వాత, ముందుకే చూస్తూ, "ఎన్నేళ్ళు వాడికి?" అంది.

"ఎవరికి అవ్వా?"

"ఎవరి కోసం కూర్చున్నావో వాడికి."

నా అబద్ధాలు ముందురోజే అయిపోయాయి. "రెండున్నర" అన్నాను.

"నావాళ్ళు నలుగురు" అంది. "ఒకే నెలలో, అదే గొంతు జబ్బుతో. యాన్నా, కొర్నేలిస్, హుబ్రెక్ట్, పాలు తాగే లేనా. ముప్ఫై తొమ్మిదేళ్ళయింది."

"మీరు కూడానా?"

"గట్టిగా అరవకు. గాలి ఊరివైపే కొడుతోంది."

"ఎవరికీ చెప్పలేదా అవ్వా?"

"ఎవరికి చెప్పను? చెబితే బల్ల దగ్గర నుంచి లేపేస్తారు. నేను లేస్తే వాళ్ళు నలుగురూ ఎవరి పిల్లలవుతారు?"

"దేవుడికి తెలుసు కదా?"

"ఆయనకు తెలుసు. ఆయన ఇంకా ఏమీ అనలేదు."

"అలవాటవుతుందా?"

"లేదు. ఏడాదికి రెండుసార్లు, ముప్ఫై తొమ్మిదేళ్ళు. ప్రతిసారీ గొంతులో అడ్డం పడుతుంది. మింగాలి." వాకిలి దగ్గర నా చెయ్యి వదిలింది. "మిగతా ఎనిమిది మంది సంగతి నేనెప్పుడూ అడగలేదు. నువ్వూ అడక్కు" అని తలుపేసుకుంది.

ఏమండీ, నేను బల్ల దగ్గర కూర్చుంటే లోకం పుట్టకముందు రాసినది మారుతుందా అని మీరు అడుగుతారు. మారదు. నాకూ తెలుసు. కానీ అన్నీ అప్పుడే రాసి ఉంటే, నేను ఈ అబద్ధం చెబుతానని కూడా అప్పుడే రాసి ఉండాలి కదా. వౌటర్ తల్లి బల్ల దగ్గర కూర్చున్న మనిషి అని ఆయన దగ్గర ఎప్పటి నుంచో రాసి ఉండాలి కదా. ఇంతకుమించి నాకు ఆలోచించడం రాదు. నేను చదువుకున్నదాన్ని కాదు. పగలు ఇది సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది. పొద్దున లేవగానే మాత్రం ఉండదు.

ఇప్పుడు ఊళ్ళో నన్ను చూసి దారి ఇస్తున్నారు. మొన్న ఒక పెద్దావిడ తన చచ్చిపోయిన మనవరాలి గురించి అడగడానికి మనింటికి వచ్చింది. నన్ను! "నీకేమైనా తెలుస్తుందా అమ్మా?" అని నా చేతులు పట్టుకుంది. నాకేమీ తెలియదని చెప్పాను. అది వినయమనుకుని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. అత్తయ్య నాతో మళ్ళీ మాట్లాడుతోంది గానీ, ఇదివరకటిలా తిట్టడం లేదు. నేల సరిగ్గా కడగలేదని ఒక్కసారి తిడితే బాగుండుననిపిస్తుంది.

ఇది మీకు ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, డిసెంబరు దగ్గరపడుతోంది. మా అక్క ప్రసవంలోనే పోయింది. నేను పోతే బౌవెన్ గారు నా గోతి దగ్గర నిలబడి, ఈమె ఎక్కడుందో మనకు అనుమానం లేదంటారు. మీకు తెలిసినా తెలియనట్టే ఉండండి. మీ ముఖంలో ఏదీ దాగదు కాబట్టి ముందుగా చెబుతున్నాను. మీరు తల దించుకుని, టోపీ ముఖానికి అడ్డం పెట్టుకోండి. దుఃఖమనుకుంటారు. బిడ్డ కూడా నాతో వస్తే, అదీ భక్తిగల తల్లి బిడ్డే అవుతుంది. ఆ ముగ్గురూ పొగాకు గదిలో ఒప్పుకున్నారు. ఎవరైనా మిమ్మల్ని మళ్ళీ మీరు భక్తిగలవాళ్ళేనా అని అడిగితే, టోపీ తిప్పుతూ నిలబడకండి. ఆమె భక్తిగానే ఉండేది అని చెప్పండి. ఆ ఒక్క అబద్ధం మీ వంతు.

బతికితే, వసంతంలో మీరు వచ్చినప్పుడు నన్ను తిట్టాలనుకున్నది తిట్టండి. రాసి మాత్రం తిట్టకండి. నేను కూడా ఇకమీదట కాట్యె చేతే రాయిస్తాను. వాటిలో పంది, పెంకులు, అత్తయ్య కాలు తప్ప ఏమీ ఉండవు. అవే చదివి, నేను మీతో అన్నీ చెప్పుకున్నట్టు అనుకోండి.

ఈ ఉత్తరం చదవగానే పడవ పొయ్యిలో వేయండి. మడిచి జేబులో దాచుకోకండి, మీకు ఆ అలవాటుంది. నా సంగతి తెలిస్తే నన్ను ఒక్కదాన్నే లేపేస్తారు, దానికి నేను సిద్ధమే అనుకుందాం. కానీ ఇందులో తన్నవ్వ ఉంది. ఆమె పిల్లల పేర్లు నా చేత్తోనే రాసేశాను, రాశాక గానీ తట్టలేదు. కొట్టేసినా కనిపిస్తున్నాయి. కొత్త కాగితం లేదు. పొయ్యి దగ్గరే నిలబడండి. అంచులు కాలినంత మాత్రాన వచ్చేయకండి. సగం కాలిన కాగితం మీద కూడా పేర్లు చదవచ్చు. మొత్తం కాల్చేయండి.

ఇట్లు,
మీ భార్య, వౌటర్ తల్లి,
యకోమినా